బైపాస్ రోడ్డు మీద నెలవారీ గది

ఆ లాడ్జిలో కొద్ది రోజులే ఉంటాం అనుకొని దిగాం. ఒక బట్టల సంచి, మందుల సంచి, బకెట్టు, మా ఆయన చక్రాల కుర్చీ. అంతే మా సామాను. కరీంనగర్ బయట బైపాస్ రోడ్డు మీద, టైల్స్ దుకాణానికీ ఫంక్షన్ హాలుకీ మధ్యలో ఉంటుంది ఆ మూడంతస్తుల బిల్డింగు. మొదట పెళ్లివాళ్ల కోసం కట్టారట. తర్వాత రోడ్డుకు అవతల పెద్ద ఆసుపత్రి వచ్చింది. అప్పటి నుంచి పెళ్లివాళ్ల కంటే పేషెంట్లే ఎక్కువ. ముందు బోర్డు మీద "ఫ్యామిలీ రూములు, రోజువారీ, నెలవారీ" అని రాసి ఉండేది. నెలవారీ అన్న మాటను నేను మొదటి రోజు సరిగా చూడనే లేదు.

మా ఆయన బెల్లంపల్లి దగ్గర బొగ్గు బాయిలో, భూమి లోపల, రిటైరయ్యేదాకా పనిచేశాడు. నేను అదే ఊళ్లో ఒక చిన్న ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కుటుంబాలు వేరే ఏరియాలకు బదిలీ అయిపోయాయి. పిల్లలు తగ్గిపోయి చివరికి మా బడి కూడా మూసేశారు. ఆయన రిటైరయ్యాక కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి, సామానంతా మా తమ్ముడి ఇంట్లో వెనక గదిలో పెట్టాం. కొన్నాళ్లు అక్కడే ఉండి, ఎక్కడ స్థిరపడాలో నిదానంగా చూసుకుందాం అనుకున్నాం. ఆ నిదానం కుదరలేదు. ఒక పొద్దున చాయ్ తాగుతూ గ్లాసు జారవిడిచాడు. ఏమైందని అడిగితే చెప్పబోయాడు, నోరు కదిలింది కానీ మాట రాలేదు. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి.

కరీంనగర్ ఆసుపత్రిలో ప్రాణం నిలిచింది. పంపించేటప్పుడు డాక్టరు, మొదటి నెలలే ముఖ్యం, రోజూ ఫిజియోథెరపీ చేయించాలి, మానితే వచ్చేది కూడా రాదు అన్నాడు. బెల్లంపల్లి నుంచి రోజూ రావడం అయ్యే పని కాదు. మాకు ఒక్కతే బిడ్డ. ఆదిలాబాద్‌లో ఉంటుంది. రెండు గదుల ఇల్లు, మంచం పట్టిన అత్త. అందుకని రోడ్డు దాటి లాడ్జిలో దిగాం.

గది కింది అంతస్తులో వెనక వైపు ఇచ్చారు. రెండు మంచాలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ, గోడకు పనిచేయని టీవీ, మూస్తే తెరుచుకోని అల్మారా. కిటికీ తెరిస్తే జనరేటర్, దాని వెనక ఫంక్షన్ హాలు గోడ. ఎండ లోపలికి రాదు. పగలంతా లైటు వేసే ఉండాలి. బాత్రూం అద్దం మీద మాకంటే ముందున్న ఆడవాళ్లు అంటించిన బొట్టుబిళ్లలు ఉన్నాయి. ఎర్రవి, మెరూన్‌వి, ఒకటి రెండు పిల్లలు పెట్టుకునే నల్లవి. అవి పెట్టినవాళ్లు మళ్లీ తీసి పెట్టుకున్నారో లేదో అన్న ఆలోచన వచ్చి, గీకేద్దామని ఎత్తిన చేయి దించేశాను.

లాడ్జిలో ఎక్కువ రోజులుంటే మనిషికి ముందు పోయేది తలుపు చాటు. గోడలు పలుచన. పక్క గదిలో ఎవరు దగ్గినా, ఎవరు ఏడ్చినా, ఎవరు ఫోనులో ఎవరిని తిట్టినా మనకు వినిపిస్తుంది. మనది వాళ్లకు వినిపిస్తుంది. ఆయనకు పక్కబట్టలు మార్చేటప్పుడు, ఒళ్లు తుడిచేటప్పుడు నేను విసుక్కుంటే ఆ మాట కారిడార్ దాకా పోయేది. మొదట్లో గొంతు తగ్గించుకునేదాన్ని. తర్వాత అందరి గదుల్లోనూ అదే అని తెలిశాక తగ్గించుకోవడం మానేశాను. ఉతికిన బట్టలు ఆరేయడానికి చోటు లేదు. మంచం కోడుకీ అల్మారా పిడికీ తాడు కట్టి గదిలోనే ఆరేసేదాన్ని. అవి ఎప్పటికీ పూర్తిగా ఆరవు. డెట్టాల్, తడిగుడ్డ, పోపు, మందుల వాసన కలిసిపోయి ఒకే వాసనయ్యేది. బయటి నుంచి వచ్చినప్పుడే అది తెలుస్తుంది. కాసేపు కూర్చుంటే తెలియదు.

మొదట్లో చుట్టాలు వచ్చారు. యాపిల్ పండ్లు తెచ్చి రెండో మంచం మీద కూర్చొని, గది బాగానే ఉందనీ, ఆసుపత్రి దగ్గరే కదా అనీ అని పోయారు. కొంతకాలానికి ఫోన్లు చేశారు. తర్వాత అవీ తగ్గాయి. వాళ్లను తప్పుపట్టను. లాడ్జికి వచ్చి పలకరించడం ఎట్లాగో ఎవరికీ తెలియదు. ఇంటికైతే చుట్టం వస్తాడు, చాయ్ పెడతాం. లాడ్జిలో వచ్చినవాడు వచ్చిన దగ్గరి నుంచి ఎప్పుడు లేవాలా అనే చూస్తాడు.

లాడ్జి మేనేజర్ కొన్నేళ్లు దుబాయ్‌లో హోటల్ గదులు శుభ్రం చేసి వచ్చినవాడు. వేములవాడ దగ్గరి పల్లె. దుప్పటి పరిచి నాలుగు మూలలూ పరుపు కిందికి మడిచే తీరు చూస్తే ఆ పని మీద అతనికి ఎంత ఇష్టమో తెలిసేది. ఆ దుప్పట్లు మాత్రం ఒకప్పుడు తెల్లవి, ఇప్పుడు బూడిద రంగు. గదిలో వంట చేయొద్దని రూలు ఉండేది. అందరం కరెంటు పొయ్యి మీద చేసుకునేవాళ్లం, అతను చూసీ చూడనట్టు పోయేవాడు. ఎవరి పేర్లూ అడిగేవాడు కాదు. మేము మూడో నంబరు. నేను మూడో నంబరక్క. ఒకసారి మా ఆయన పేరు చెప్పబోతే ఆపేశాడు.

"ఏమనుకోకక్కా. పేర్లు యాదికి పెట్టుకుంటే నాకు పని నడువది. మనుషులు పోతరు, పేర్లు ఉంటయి. అవి పట్టుకొని నేనేడ తిరగాలె," అన్నాడు.

ఆయనకు మాట పూర్తిగా రాలేదు. కొన్ని వారాలకు ఒక్క మాట మాత్రం వచ్చింది. "పోదాం." దాహమైనా పోదాం, నొప్పైనా పోదాం, ఫ్యాను వేయమన్నా తీయమన్నా పోదాం. నన్ను పిలవాలన్నా అదే. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి చెప్పింది, కొందరికి అట్లాగే ఒక మాట మిగులుతుందని, వాళ్లు అనుకునేది వేరే, నోటికొచ్చేది అదే అని. నేను గొంతును బట్టి పోల్చుకోవడం నేర్చుకున్నాను. తప్పుగా పోల్చుకుంటే ఆయన కళ్లు మూసుకునేవాడు. కొన్ని రోజులు ఆయన కళ్లు మూసుకునే ఉండేవాడు.

మా ఎదుటి గదిలో జైనూర్ వైపు కొండల్లోని గూడెం నుంచి వచ్చిన గోండు తల్లీకొడుకులుండేవాళ్లు. కొడుక్కి ముప్పై ఏళ్లలోపే. మోటరు సైకిల్ మీద ఘాట్ దిగుతూ పడి వెన్నుపూస దెబ్బతిన్నది. నడుము కింద స్పర్శ లేదు. పెళ్లాం పిల్లలు ఊళ్లో ఉన్నారు. తల్లి మంచం మీద పడుకునేది కాదు, కొడుకు పక్కన నేల మీద పడుకునేది. కరెంటు పొయ్యి మీద రొట్టె కాలదని లాడ్జి వెనక ఖాళీ జాగాలో కట్టెపుల్లలు ఏరి రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించింది. మేనేజర్ వచ్చి వద్దన్నాడు. ఆమె పొయ్యి ఆర్పి, మర్నాడు మళ్లీ వెలిగించింది. అట్లా కొన్నాళ్లు నడిచాక అతనే జనరేటర్‌కు దూరంగా గోడ మూలన జాగా చూపించాడు.

ఆమె నన్ను బాయీ అని పిలిచేది. వాళ్ల దిక్కు ఆడమనిషిని అట్లా పిలుస్తారు. మా దిక్కు బాయి అంటే బొగ్గు గని. పిలిచిన మొదటిసారి నేను తల ఎత్తలేదు. సంగతి చెబితే ఆమె నవ్వింది. లాడ్జికి వచ్చాక ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. ఆమెవి జొన్నరొట్టెలు, నావి కూరలు. మధ్యాహ్నాలు గోడ మూలన ఇద్దరం కూర్చొని వండుకునేవాళ్లం. ఫంక్షన్ హాలులో పెళ్లి ఉన్న రోజు అక్కడి వంటవాళ్లు గోడ మీదుగా బగార అన్నం గిన్నెల్లో అందించేవాళ్లు. బ్యాండు మోగుతుండగా, ఎవరి పెళ్లో తెలియని ఆ అన్నం మేము మా మగవాళ్లకు తినిపించేవాళ్లం.

ఒక మధ్యాహ్నం రొట్టె తిప్పుతూ ఆమె అడిగింది. "బాయీ, మీ ఆయన సస్తే మంచిగుండని నీకెప్పుడన్న అనిపిస్తదా?"

అబద్ధం చెప్పడానికి నాకు ఓపిక లేదు. "అనిపిస్తది," అన్నాను.

"నాక్కూడ అనిపిస్తది. కన్న పోరడు. పొద్దుగాల లేవంగనే అనిపిస్తది. మల్ల ఆనికి బువ్వ తినిపియ్యంగ పోతది."

ఆమె రొట్టె తీసి నా పళ్లెంలో వేసింది. ఆ సంగతి మేము మళ్లీ మాట్లాడుకోలేదు. కానీ ఆ రోజు నుంచి ఆమె దగ్గర నాకు దాచుకోవాల్సింది ఏమీ లేకుండా పోయింది.

శివరాత్రి ముందు మేనేజర్ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఏదో అడగలేక అడుగుతున్నాడని ముఖం చూస్తేనే తెలిసింది. వేములవాడ జాతరకు వచ్చే జనానికి అక్కడ గదులు దొరకవు, కరీంనగర్ లాడ్జిలన్నీ నిండిపోతాయి. ఏటా ఇక్కడికే వచ్చే కుటుంబాలున్నాయట, వాళ్లకు కింది గదులు ముందే మాట ఇచ్చేశారట. జాతర అయ్యేదాకా మమ్మల్నీ ఎదుటి గదివాళ్లనీ వెనక స్టోర్ రూములో సర్దుకోమన్నాడు. పరుపులు తనే వేయిస్తానన్నాడు. ఎదురు చెప్పే బలం మా రెండు గదుల్లోనూ లేదు.

స్టోర్ రూములో విరిగిన మంచాలు, ఫంక్షన్ హాలు కుర్చీలు, పాత కూలర్లు. మధ్యలో చోటు చేసి మగవాళ్లిద్దరినీ పక్కపక్కన పడుకోబెట్టాం. అంతకుముందు వాళ్లు ఒకరినొకరు తలుపుల్లోంచి చూసుకోవడమే తప్ప దగ్గరగా ఉన్నది లేదు. మా ఆయన పైకప్పు చూస్తూ "పోదాం" అన్నాడు. ఆ అబ్బాయి తల తిప్పి, "ఏడికి పోదాం మామా? నీకు ఒక కాలన్న ఉన్నది. నాకు రెండూ లెవ్వు," అన్నాడు.

మా ఆయన నవ్వాడు. మూతి ఒక పక్కకే పోయింది కానీ అది నవ్వే. ఆ అబ్బాయి కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. మేమిద్దరం బకెట్లు తీసుకొని నీళ్లకు వెళ్లిపోయాం.

మా గదిలో దిగిన యాత్రికుల ఇల్లాలు మంచి మనిషే. ప్రసాదం ఇవ్వడానికి స్టోర్ రూముకు వచ్చి, మగవాళ్లిద్దరినీ చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. రాజన్నకు కోడె మొక్కు చెల్లించారా అని అడిగింది. రెండుసార్లు చెల్లించానని చెప్పాను. ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒకసారి, బయటికి వచ్చాక ఒకసారి, కోడెను పట్టుకొని గుడి చుట్టూ తిరిగి కట్టేసి వచ్చాను. ఆమె, "మనసు నిండ మొక్కలేదో ఏమో అక్కా," అంది. ఆమె ఉద్దేశం చెడ్డది కాదు. కానీ ప్రసాదం నా చేతిలో అట్లాగే ఉండిపోయింది. తర్వాత దాన్ని ఆ అబ్బాయి తిన్నాడు.

జాతర అయిపోయి మా గదికి మేము తిరిగి వచ్చేసరికి, పిల్లల గుండ్లకు రాసిన గంధం వాసన ఇంకా దిండ్లకు ఉంది. మూడో నంబరులోకి తిరిగి వచ్చినందుకు నాకు సంతోషమేసింది. ఆ సంతోషం తెలిసి భయమేసింది.

ఎండలు ముదిరేటప్పటికి ఆయన ఎడమ చేత్తో అన్నం తినడం నేర్చుకున్నాడు, పట్టుకుంటే నాలుగడుగులు వేసేవాడు. అంతకు మించి ముందుకు పోలేదు. నెలలు గడుస్తున్నా అవే నాలుగడుగులు. ఒక రోజు ఫిజియోథెరపీ అమ్మాయి ఆయన చేతిని ఆయన ఒళ్లోనే పెట్టి, స్టూలు లాక్కొని నా ముందు కూర్చుంది.

"ఇంక నేను చేసేది ఏం లేదమ్మా. మీకు చెప్పకుండ రోజూ రమ్మనొచ్చు. నాకు అట్ల చెయ్యబుద్ది అయితలేదు. ఇంటికి తీస్కపోండ్రి. అందరి నడుమ ఉంటే జర మంచిగుంటడు."

ఆయన వింటున్నాడన్న సంగతి ఆ పిల్ల మరిచిపోయిందో, దాచడం ఎందుకనుకుందో తెలియదు. ఆయన ఎడమ చేత్తో కుడి చేయిని ఎత్తి, మోకాలి మీద సరిగ్గా పెట్టుకున్నాడు.

ఇంటికి తీసుకుపోవాలంటే ముందు ఇల్లు ఉండాలి. బిడ్డకు ఫోను చేస్తే, "మా ఇంటికే తీస్కరా అవ్వా, బాపును నేను చూసుకుంట," అంది. కానీ మధ్యలో ఆమె అత్త పిలుస్తున్న గొంతు వినిపిస్తూనే ఉంది, బిడ్డ రెండుసార్లు ఫోను పెట్టి వెళ్లి వచ్చింది. వద్దన్నాను. చివరికి తమ్ముడి దగ్గరికే అనుకున్నాం. బెల్లంపల్లిలో తెలిసిన మనుషులున్నారు, తోటి కార్మికులున్నారు. ఆ పిల్ల చెప్పినట్టు అందరి నడుమ ఉంటాడు. కారు మాట్లాడుకొని బయల్దేరాం. గోదావరి వంతెన మీద ఆయన అద్దం దించమని సైగ చేశాడు. నీళ్లు లేవు, ఇసుక మాత్రం ఉంది. అయినా చాలాసేపు చూశాడు.

ఊళ్లోకి రాగానే క్వార్టర్ వైపు చేయి చూపించాడు. డ్రైవర్ అటు తిప్పాడు. మా వరుసంతా తలుపులు, కిటికీలు, కప్పు రేకులు తీసేసి ఉంది. లోపల తుమ్మ చెట్లు మొలిచాయి. మా వంటింట్లో నేను దగ్గరుండి వేయించిన పసుపు రంగు గోడ అట్లాగే ఉంది. పైన కప్పు లేదు కాబట్టి దాని మీద ఎండ పడుతోంది. మేమున్నన్నాళ్లూ ఆ గోడ మీద ఎండ పడగా చూడలేదు. ఆయన కారు దిగలేదు.

తమ్ముడూ మరదలూ వెనక గది ఖాళీ చేసి, మా మంచం మాకే వేసి ఉంచారు. తమ్ముడి కిరాణా బస్తాలు ఒక గోడకు జరిపారు. వాళ్లు చేయగలిగిందంతా చేశారు. సాయంత్రం ఆయన తోటి కార్మికులు చూడ్డానికి వచ్చారు. ఒకప్పుడు షిఫ్టు దిగి మా క్వార్టర్ ముందు చాయ్ తాగి పోయినవాళ్లు. వాళ్లలో ఒకాయన, ఏళ్ల తరబడి ఒకే షిఫ్టులో పక్కపక్కన పనిచేసినవాడు, మంచం మీద కూర్చొని ఆయన చేయి పట్టుకున్నాడు.

"అన్నా, నన్ను గుర్తువట్టినవా?"

"పోదాం," అన్నాడు ఆయన.

"ఏడికే? బాయికా? మన బాయి మూసిండ్రు గదనే," అన్నాడు అతను. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఎగతాళి కాదు. ఏమనాలో తెలియక నవ్వారు. ఆయన గుర్తుపట్టానని చెప్పబోతున్నాడని నాకు తెలుసు. అతని పేరు చెప్పాలని చూస్తున్నాడు. మళ్లీ పోదాం అన్నాడు, మళ్లీ, ఇంకా గట్టిగా. మెడ నరాలు లేచాయి. తర్వాత ఏడ్చాడు. వాళ్లు ఒక్కొక్కరే లేచి, మళ్లీ వస్తామని నాతో చెప్పి వెళ్లిపోయారు. చేయి పట్టుకున్న మనిషి చివర్న పోయాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోవడానికి అతనికి చాలాసేపు పట్టింది.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి ఆయన మంచం మీద కూర్చొని ఉన్నాడు. ఎడమ చేతిలో బట్టల సంచి పట్టీ ఉంది. పోదాం అన్నాడు.

"ఏడికి? ఆస్పత్రికా?" తల అడ్డంగా ఊపాడు.

"బిడ్డ దగ్గరికా?" మళ్లీ ఊపాడు.

నాకు తెలుసు. అడగాలనిపించలేదు. అయినా అడిగాను. "లాడ్జికా?"

ఆయన కళ్లు మూసుకొని తల నిలువుగా ఊపాడు.

తమ్ముడు గుమ్మంలో చాయ్ పట్టుకొని నిలబడి ఉన్నాడని నేను చూసుకోలేదు. గ్లాసు నా చేతికిచ్చి మెల్లగా అన్నాడు, "మా ఇంటికంటె లాడ్జి నయమనిపించిందా అక్కా?"

నయమని కాదు. ఊళ్లో అందరికీ ఆయన మునుపు ఎట్లా ఉండేవాడో తెలుసు. లాడ్జిలో ఎవరికీ తెలియదు. అక్కడ ఆయన మూడో నంబరు పేషెంటు, అందరికందరూ అట్లాంటివాళ్లే. ఈ మాట తమ్ముడికి చెబితే ఇంకా నొచ్చుకునేవాడు. మరదలు అన్నం డబ్బా కట్టి కారులో పెట్టింది. కారు కదిలేదాకా ఇద్దరూ రోడ్డు మీదే ఉన్నారు.

మూడో నంబరు అప్పటికే వేరేవాళ్లకు ఇచ్చేశారు. మేనేజర్ మమ్మల్ని చూసి, ఎందుకొచ్చారని అడగలేదు. ఐదులో ఉండమని తాళంచెవి ఇచ్చాడు. ఆ రోజు నుంచి నేను ఐదో నంబరక్కను. జైనూర్ ఆమె మధ్యాహ్నానికి నా వంతు రొట్టెలు కూడా కాల్చి ఉంచింది.

ఆయన ఇక ఆసుపత్రికి రాలేదు. డాక్టరుకు చూపించడానికి రోడ్డు దాటిద్దామని కుర్చీ దగ్గరికి తెస్తే మంచం పట్టె పట్టుకొని వదిలేవాడు కాదు. కొన్నాళ్లు బతిమాలాను, తర్వాత మానేశాను. ఆసుపత్రికి పోని మేము ఆసుపత్రి ఎదుటి లాడ్జిలో ఎందుకున్నామని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఎవరూ అడగలేదు. ఆయన పింఛన్ గదికీ తిండికీ సరిపోయేది. క్రమంగా ఆ ఒక్క మాట కూడా తగ్గిపోయింది. దాహమైతే గ్లాసు వైపు చూసేవాడు. నేను పోసి ఇచ్చేదాన్ని. అంతకు మించి మాకు చెప్పుకోవాల్సినవి కూడా లేకుండా పోయాయి.

వానాకాలం మొదలయ్యాక జైనూర్ ఆమె కొడుకును ఊరికి తీసుకుపోయింది. డాక్టర్లు ఇంకా కొంతకాలం ఉండమన్నారు. ఊరి నుంచి జీపు వచ్చింది. వెనక సీట్లు తీసేసి, మేనేజర్ ఇచ్చిన పాత పరుపు పరిచి అబ్బాయిని పడుకోబెట్టారు. కొన్నాళ్లుండి చూడొచ్చు కదా అని నేను అన్నాను. నా కోసం అన్నానేమో.

"గీడుంటే నడుస్తడా బాయీ? నడువడు. ఊర్లున్నా నడువడు. ఊర్లనైతే ఆని పేరు వెట్టి పిలిచెటోళ్లుంటరు," అంది ఆమె.

మా గూడేనికి రమ్మంది. వస్తానన్నాను. ఇద్దరం ఆ మాటను నమ్మలేదు. ఆ అబ్బాయి జీపులోంచి మా కిటికీ వైపు చేయి ఊపాడు. లోపల మంచం మీదున్న ఆయనకు అది కనిపించదు. నేను వెళ్లి చెప్పాను. ఆయన ఎడమ చేయి కొంచెం లేచింది. మధ్యాహ్నం అయ్యేసరికి ఆ గది కడిగి మంచిర్యాల నుంచి వచ్చినవాళ్లకు ఇచ్చేశారు. తర్వాత ఆమెకు కొన్నిసార్లు ఫోను చేశాను. కొండల్లో సిగ్నల్ అందదో ఏమో, కలవలేదు.

ఆ పైన ఎవరితోనూ అంత దగ్గర కాలేదు. కొత్తగా వచ్చినవాళ్లకు ఏ నల్లాలో ఉప్పునీళ్లు వస్తాయో, ఏ మెడికల్ షాపువాడు మందు బిళ్లలు విడిగా ఇస్తాడో చెప్పేదాన్ని. వాళ్లు ఎంత కాలమైందమ్మా మీరొచ్చి అని అడిగేవాళ్లు. చెబితే వాళ్ల ముఖాలు మారేవి. అది చూసి చెప్పడం మానేశాను. మొన్న మొన్ననే అనేదాన్ని.

దసరా తర్వాత ఓనరు ఆ బిల్డింగును ఒక కాలేజీ హాస్టలుకు లీజుకిచ్చేశాడు. ఆ సంగతి మేనేజర్ గది గదికీ తిరిగి చెప్పాడు. మా దగ్గరికి వచ్చేసరికి మంచం మీద కూర్చున్నాడు. అతను ఏ గదిలోనూ కూర్చోగా నేను చూడలేదు. నీ సంగతేంటని అడిగాను.

"మల్ల దుబాయ్‌ పోదామని చూస్తున్నక్కా. ఈ వయసుల తీసుకుంటరో తీసుకోరో. తెల్వది," అన్నాడు. లేచేటప్పుడు, అలవాటు కొద్దీ, తను కూర్చున్న చోట దుప్పటి సరిచేశాడు.

బిడ్డ ఆదిలాబాద్ నుంచి వచ్చింది. అదే రోడ్డు మీద ఇంకొంచెం ముందుకు, రైస్ మిల్లు పక్కన ఇంకో లాడ్జి చూశాం. ఆటోలో సామాను చేర్చాం. సామాను పెద్దగా పెరగలేదు. బిడ్డ ఆ రోజంతా గది తుడిచి, బట్టలు ఆరేయడానికి తాడు కట్టింది. సాయంత్రం బస్సు ఎక్కేముందు నా భుజం మీద తల పెట్టి, "నేనేం చేస్తలేనవ్వా," అంది. చేయడానికి ఏముందని నేను అడిగాను. అది ఓదార్పుగా అన్నదే కానీ, అన్నాక ఇద్దరికీ ఇంకా బరువైంది.

ఇక్కడ కిటికీ రోడ్డు వైపు ఉంది. వెలుతురు వస్తుంది. మిల్లు తవుడు దుమ్ము కూడా వస్తుంది, అందుకని సగం మూసి ఉంచుతాను. లారీలు, బడి పిల్లల వ్యాన్లు, అప్పుడప్పుడు మేళంతో పోయే పెళ్లి బస్సులు కనిపిస్తాయని ఆయన మంచాన్ని కిటికీకి ఎదురుగా జరిపించాను. మొదటి రోజు కాసేపు చూశాడు. తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రెండు మూడుసార్లు ఇటు తిప్పాను. మళ్లీ అటే తిరిగాడు. ఇప్పుడు తిప్పడం లేదు. తిండి వేళకు లేపుతాను, తింటాడు. ఇవాళ పొద్దున బండి మీద బెండకాయలు లేతవి వచ్చాయి. తీసుకొని, మధ్యాహ్నం వేపుడుకని కడిగి ఆరబెట్టాను.